రోడ్డుకు పడమట వెల్లుల్లి మడి

అక్టోబరు 17, 1926. ఆదివారం. అరకు.

రోడ్డు పని డైరీ వేరే ఉంది. అది నెలాఖరుకు ఇంజనీరు దొరగారి దగ్గరికి పోతుంది. ఇది ఎక్కడికీ పోదు.

నా భార్య అచ్చియమ్మ పోయి మూడు నెలలయింది. ఈవేళ వంటిల్లు దులిపించాను. ఇన్నాళ్లూ వసారాలోనే పొయ్యి పెట్టుకుని వండుకుంటున్నాను. మా బంట్రోతు మల్లేశు నిచ్చెన ఎక్కి, దూలానికి వేలాడుతున్న కట్ట ఒకటి దించాడు. ఎండిన ఆకులు జడలా అల్లి ఉన్నాయి. కింద గడ్డలు. లెక్కపెడితే పదకొండు. తెల్లని పొర మీద ఊదారంగు చారలు. ఏవో పూలమొక్క దుంపలనుకున్నాను.

"ఎల్లుల్లి బాబూ" అన్నాడు నిచ్చెన మీదినుంచే.

"మా ఇంట్లో వెల్లుల్లేమిటి?"

"అమ్మగోరు ఏసినారు కదండీ. తమరు కేంపుకెళ్లినపుడు."

మా వంశంలో గాని, ఆమె పుట్టింట్లో గాని వెల్లుల్లి గుమ్మం దాటి లోపలికి రాలేదు. మల్లేశు పొరపడ్డాడేమో అని అల్లిక చూశాను. ఎడమ పాయ బిగుతు, కుడి పాయ వదులు. ఆమె జడ కూడా అలాగే ఉండేది. పొరపాటు లేదు.

మధ్యాహ్నం సోములమ్మ వచ్చి గుమ్మం బయట నిలబడింది. రోడ్డుకు పడమట, మా క్వార్టరుకు సరిగ్గా ఎదురుగా వీళ్ల ఇల్లు. మొగుడు సుక్రు నా రోడ్డు గ్యాంగులో కూలి.

"బాబూ, ఇత్తనాలు దింపినారంట. దీపాలపండగలోగా ఏసెయ్యాల. ఇలాగియ్యి, నీ వాకిట్లోనే ఏసెత్తాను. నీకు తెల్దు."

"నాకు తెలుసు. నేనే వేసుకుంటాను."

ఆమె కాసేపు ఆ జడనే చూసింది. నన్ను చూడలేదు. వెళ్లిపోయింది.

'నీకు తెల్దు' అనడం నాకు నచ్చలేదు.

అక్టోబరు 18.

మైలు 41లో కంకర. ఇక్కడ రాయవలసింది లేదు.

అక్టోబరు 24. ఆదివారం.

మడి తయారైంది. క్వార్టరు ముందు, రోడ్డు వైపు, ఎండ తగిలే చోటు. పదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు. తాడు కట్టి, గీతలు తిన్నగా తీశాను. గడ్డకూ గడ్డకూ పదేసి అంగుళాలు. లోతు మూడు. పదకొండూ పాతాను. గిండీ ఇంజనీరింగు బడిలో మాకు రాయి, సున్నం, ఇనుము చెప్పారు గాని వ్యవసాయం చెప్పలేదు. అయినా చేమ దుంపలు పాతడం చిన్నప్పుడు చూశాను.

మల్లేశు గోతుల కేసి రెండుసార్లు చూసి, పార కడగడానికి పోయాడు.

అక్టోబరు 25.

సోములమ్మ కట్టెల మోపుతో పోతూ ఆగింది.

"ఎన్ని పాయలు ఏసినావు బాబూ?"

"పదకొండు గడ్డలు."

"గెడ్డలు సరే, పాయలెన్ని?"

 ఆమె మోపు దించేసి, మడి అంచున కూర్చుని, ఒక గోతిలో వేలు పెట్టి చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తరవాత కొంగు తీసేసింది.

"ఇన్నావా!" అని రోడ్డు అవతలికి, మొగుడికి వినబడేలా కేకేసింది. "ఓవర్సీరు బాబు గెడ్డకి గెడ్డే పాతీసినాడు! పెళ్లోరందర్నీ ఒకే బండిలో కుక్కీసినట్టు!"

సుక్రు నవ్వు వినబడలేదు. అతను నా ముందు నవ్వడు.

"దేనికది ఇడగొట్టాల బాబూ. ఒక్కో పాయా ఒక్కో గెడ్డవుద్ది. ఇలాగైతే పదీ ఒకటే గోతిలో కొట్టుకు సత్తాయి. రా, తవ్వీసి మల్లీ ఏద్దాం. ఎంతసేపు?"

"అక్కర్లేదు. తెలిసే వేశాను. ఇదొక పద్ధతి."

"ఏ పద్దతి?"

"ఇంగ్లీషు పద్ధతి."

"అలాగేటి" అని మోపు ఎత్తుకుంది.

వెల్లుల్లి గడ్డ విడిపోతుందని నాకు తెలియదు. ముప్ఫై నాలుగేళ్లలో ఒక్కసారీ చేత్తో పట్టుకుని చూడలేదు. ఇంగ్లీషు పద్ధతి అనేది లేదు.

అక్టోబరు 26.

తవ్వలేదు. ప్రయోగంగా అలాగే ఉంచుతున్నాను.

నవంబరు 8.

మొలిచాయి. ఒక్కో గోతిలో ఎనిమిది, పది మొలకలు, కుచ్చులా. పచ్చగానే ఉన్నాయి.

రోడ్డు అవతల సోములమ్మ కూడా మడి వేసింది. ఒక్కొక్క మొలకా విడిగా, వరసల్లో. నా అరుగు మీదినుంచి కనిపిస్తుంది. లెక్కపెట్టడం నా ఉద్దేశం కాదు. నలభై ఒకటి.

నవంబరు 14. ఆదివారం.

మల్లేశు వాకిట్లో గడ్డి చెక్కుతూ తనంత తానే మాట్లాడుతున్నాడు.

"అమ్మగోరుంటే ఈపాటికి ఎదురింటి అరుగు మీదుందురు."

"ఏ అరుగు?"

"సోములమ్మోళ్లదండి. దినామూ అక్కడే కూకునీవోరు. వంటైపోగానే ఎల్తే, మల్లీ దీపాలేళకే."

"నాకు తెలుసు" అన్నాను.

తెలియదు. ఇక్కడికి వచ్చి మూడేళ్లు. నెలకు ఇరవై రోజులు కేంపు. తిరిగి వచ్చాక "పొద్దెలా పోతోంది?" అని అడిగేవాణ్ణి. "పోతోంది" అనేది. పుస్తకాలు తెప్పించి ఇచ్చాను. చదువుతోందనుకున్నాను. ఈవేళ తీసి చూశాను. రెండింటికి అంటుకుని ఉన్న పేజీల అంచులు కూడా కోయలేదు.

నవంబరు 21. ఆదివారం.

రోడ్డు దాటి వెళ్లాను. సుక్రు హాజరు విషయం మాట్లాడాలని మల్లేశుకు చెప్పాను. సుక్రు అడవికి పోయాడు. అది నాకు తెలుసు.

సోములమ్మ అరుగు మీద అనపకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి లేచి, మళ్లీ కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను.

"అచ్చియమ్మ ఇక్కడికి వచ్చేదట."

"రాక? నీకు సెప్పలేదేటి?"

"చెప్పింది. నాకు అన్నీ చెప్పేది."

ఆమె ముఖం విప్పారింది. నాకు అన్నీ తెలుసనుకుంటే ఇక దాచేదేముంది? ఒలుస్తూ ఒలుస్తూ చెప్పుకుపోయింది.

"ఐతే ఎల్లుల్లి కాల్సుకు తినడం కూడా సెప్పిందా? మొదటిపాలి నేను నిప్పుల్లో ఏసి, ఉప్పద్ది ఇచ్చినాను. చోడి సంకటితో. కళ్లంట నీల్లు. 'సోమీ, మా అత్తగోరు బతికుంటే నన్ను నూతిలోకి దింపీసుందురు' అంది. అంటానే ఇంకోటి తీసింది. మల్లీ యేడు తనే సంతకాడ గెడ్డలు కొంది. 'నా వాకిట్లో నేనే ఏస్తాను, నువ్వు సూపించు' అంది. సెప్పిందా?"

"చెప్పింది."

"మరి నీ నడక?"

"నా నడకేమిటి?"

"సెప్పలేదా? టేపట్టుకుని ఒంగి, ఓ కన్ను మూసి, కాలు ఈడ్సుకుంటా, 'ఒకటి, రెండు, పట్టుకోరా సరిగ్గా!' అని నువ్వు కేకేత్తావు కదా, అలాగే సేసి సూపించీది. ఈ వాకిటంట నడిసీది. మేమంతా పొట్టలట్టుకునీవోలం."

"చెప్పింది" అన్నాను.

ఇంటికి వచ్చి ఆలోచించాను. మా ఇంట్లో ఆమె గట్టిగా నవ్వగా నేను రెండుసార్లు విన్నాను. ఒకసారి మేకపిల్ల వంటింట్లో దూరినప్పుడు. రెండోది గుర్తు రావడం లేదు. ఒకటి అని రాయాలి.

నవంబరు 22.

నేను కాలు ఈడ్చను.

డిసెంబరు 2.

కేంపు, పది రోజులు. మడికి పూటకు రెండు బిందెల నీళ్లు పోయమని మల్లేశుకు చెప్పాను. మొక్కల కొసలు పసుపెక్కాయి. నీరు చాలకే.

డిసెంబరు 12. ఆదివారం.

తిరిగి వచ్చేసరికి మడి నేను చేసిన మడి కాదు. చుట్టూ చిన్న కాలువ తీసి నీరు బయటికి వదిలారు. కలుపు లేదు. మట్టి మీద బూడిద చల్లి ఉంది. పదకొండులో మూడు కుచ్చులు లేవు.

"సోములమ్మండి" అన్నాడు మల్లేశు. "నీరెక్కువై మురుగుతన్నాయని, మూడు తీసి అవతలెట్టింది. మిగతాయి దక్కుతాయంది."

"నా వాకిట్లోకి ఎవరు రానిచ్చారు?"

"అమ్మగోరున్నపుడు అడిగి వచ్చీదాండీ?"

మడి చుట్టూ ముళ్లకంప నాటించాను. పశువుల బెడద ఉంది.

డిసెంబరు 13.

తీసేసిన కుచ్చుల్లో ఒక పాయ గట్టిగా ఉంది. మల్లేశును టపాకు పంపి, కుంపటి మీద కాల్చాను. పొట్టు నల్లబడింది. లోపల మెత్తగా, వెన్నలా ఉంది. ఉప్పు అద్దాను. నోట్లో పెట్టుకున్నాను. మింగలేక ఉమ్మేశాను.

ఆమె ఇంకోటి తీసిందట.

డిసెంబరు 19. ఆదివారం.

ఎత్తుపల్లాలు కొలిచే లెవెలు పరికరం సరిచూడవలసి ఉంది. అరుగు మీద ముక్కాలి స్టాండు నిలిపి, దాని మీద బిగించి, దుర్భిణి రోడ్డు అవతలికి తిప్పాను. దగ్గరలో సరిచూడడానికి అదే అనువైన దూరం. దుర్భిణిలో అన్నీ తలకిందులుగా కనిపిస్తాయి. సోములమ్మ తలకిందులుగా కూర్చుని కలుపు తీస్తోంది. ఆకాశం కింద, మొక్కలు పైన. మొక్కల మొదట్లో ఊదారంగు చార స్పష్టంగా కనిపించింది.

సంతలో దొరికే తెల్ల రకం కాదు. మా దూలం మీది రకం.

వెళ్లాను. సుక్రు వాకిట్లో పారకు కర్ర బిగిస్తున్నాడు.

"ఈ విత్తనం ఎక్కడిది?" అని సోములమ్మను అడిగాను.

"అచ్చి ఇచ్చింది."

"ఎప్పుడు?"

"జొరం ముదిరిన దినం. జడలోంచి నాలుగు తెంపుకోమంది. నేనే నిచ్చెనెక్కి తెంపినాను. 'ఆయనకి తెలీదు సోమీ, నువ్వు బతికించు' అంది."

"నేను లేనప్పుడు, నా ఇంట్లో, నా దూలం ఎక్కి తెంపుకున్నావు. దాన్ని ఏమంటారో తెలుసా?"

సుక్రు పార కింద పెట్టి లేచాడు. "బాబూ, ఆ మాట అనీకు. రోడ్డు మీద ఏటన్నా పడతాను. ఈ వాకిట్లో అనీకు."

"నిన్నడుగుదును బాబూ" అంది సోములమ్మ, మెల్లిగా. "నువ్వు లేవు కదా."

కబురు నాకు ఆలస్యంగా అందింది. నేను తొమ్మిది మైళ్ల అవతల, కల్వర్టు పని మీద ఉన్నాను. ఆలస్యంగా అందింది. ఇది అందరికీ తెలిసిన విషయమే.

డిసెంబరు 20.

కబురు ఆలస్యంగా అందింది.

జనవరి 8, 1927. శనివారం.

ఆరో మాసికం. శృంగవరపుకోట నుంచి శాస్త్రిగారు వచ్చారు. వంట ఆయన మనిషే చేశాడు. గారెలు, నువ్వుల ముద్ద, మిరియం వేసిన కూర. విస్తరి వేస్తుండగా అడిగాను.

"ఆమెకు ఇష్టమైనది ఇంకొకటి ఉంది. వడ్డించవచ్చునా?"

"భేషుగ్గా. ఇష్టమైనవే పెట్టాలి. ఏమిటది?"

"వెల్లుల్లి."

ఆయన చేతిలో గరిట ఆగింది. "రామ రామ. సంసారి ఇంటి బ్రాహ్మణ స్త్రీకి వెల్లుల్లి ఇష్టమేమిటి ఓవర్సీరుగారూ! ఎవరో గిట్టనివాళ్లు పుట్టించిన మాట. ఆ వాసన తగిలితే పితృదేవతలు విస్తళ్లు వదిలి లేచిపోతారు. ఇంకెక్కడా అనకండి."

అనలేదు. ఆరు నెలలుగా గారెలు పెడుతున్నాను. ఆమెకు గారెలు ఇష్టమో కాదో నాకు తెలియదు. సోములమ్మను అడిగితే చెబుతుంది.

శాస్త్రిగారు వెళ్లాక మల్లేశు అన్నాడు: "ఎదురింటోళ్లు కూడా పెడతారండి. ఆళ్లల్లో కొత్త అంటారు. ఏ పంట తీసినా ముందు చచ్చిపోయినోళ్ల పేరున ఆకుల్లో ఎట్టి, అప్పుడే ఇంట్లో నోట ఎట్టుకుంటారు. ఈపాలి ఎల్లుల్లి కొత్త అమ్మగోరికంట. ఆ మడి తనకోసమే పెంచుతంది."

నేను పెట్టలేనిది ఆమె పెడుతుంది. దానికి శాస్త్రం అడ్డం రాదు.

జనవరి 11.

ఆర్డరు వచ్చింది. వర్షాలకు ముందే ఈ మైలులో రోడ్డు పక్క కాలువ తవ్వాలి. పన్నెండు చెయిన్ల పొడవు. ఏ వైపు అన్నది నా ఇష్టానికి వదిలారు.

పడమర ఖాయం చేశాను. లెవెలు తీయనక్కర్లేదు, కంటికే తెలుస్తోంది. గూటాలు కొట్టించాను. మూడు గూటాలు సోములమ్మ మడిలో పడ్డాయి. సర్కారు హద్దు రోడ్డు మధ్య నుంచి ముప్ఫై మూడు అడుగులు. ఆమె మడి హద్దు లోపల ఉంది. ఆ హద్దు నేను పెట్టింది కాదు.

జనవరి 12.

రూలు రూలే.

జనవరి 17. సోమవారం.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున్న ఉత్తరపు కొస నుంచి తవ్వకం మొదలైంది. పది గంటలకు మడి దగ్గరికి వచ్చింది. వరసలో ఆ చోటు సుక్రుది. అతను గునపం ఎత్తి, దించి, మేస్త్రీ మంగరాజు వైపు చూశాడు.

"మేస్త్రీ, నేను ఆ కొసని తవ్వుతాను. ఇక్కడ ఇంకెవుర్నైనా ఎట్టు."

మంగరాజు నా వైపు చూశాడు.

"వరస ప్రకారమే" అన్నాను.

సోములమ్మ ఇంట్లోంచి వచ్చింది. కేకలు వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, వరసల మధ్య అడుగు చూసి వేస్తూ, ఒక్క ఆకు నలగకుండా మడి నడుమ కూర్చుంది.

"లే" అన్నాను.

"లెగను. రెండు నెలలాగు బాబూ. గెడ్డ ఊరలేదు. ఇప్పుడు తీస్తే ఆకే ఉంటాది. కొత్తకి అచ్చికి ఏటెట్టమంటావు?"

"ఆమెకు నేను పెడుతున్నాను. నెలనెలా పెడుతున్నాను. ఆమె నా భార్య. నువ్వు పెట్టనక్కర్లేదు."

ముప్ఫై మంది కూలీలు పనిముట్లు ఆపి వింటున్నారు.

"ఎట్టు బాబూ. వద్దన్నానా? నువ్వెట్టేది నువ్వెట్టు. నేనెట్టేది నేనెడతాను. ఆకలైనపుడు ఎక్కడో ఓ సోట తింటాది."

అక్కడితో ఆగవలసింది. నేను ఆగలేదు.

"ఏ హక్కుతో పెడతావు?"

ఆమె చేతికి అంటిన మట్టి దులుపుకుంది.

"అక్కు అంటే ఏటో నాకు తెల్దు. ఆ దినం తెల్లారకుండానే సుక్రు పరిగెట్టినాడు నీకు కబురెట్టుకుని. నేను అచ్చి మంచం కాడ కూకున్నాను. 'రోడ్డేపు సూడు సోమీ, గుర్రం వస్తందా?' అనీది. నేను గుమ్మంలోకెల్లి సూసీదాన్ని. రోడ్డు మీద ఏటీ నేదు. 'వస్తంది, మలుపు కాడికొచ్చింది' అనీదాన్ని. మల్లీ అడిగీది. 'ఏటి దాటతంది' అనీదాన్ని. మద్దినేల దాకా అలాగే అబద్దాలాడినాను. నీ పేరున ఆడినాను బాబూ. అందుకైనా అక్కుండదా?"

నేను సుక్రు వైపు చూశాను. అతను నేలకేసి చూస్తున్నాడు. కబురు అందించినవాడు అతనే. ఎన్ని గంటలకు అందించాడో అతనికి తెలుసు. నోరు విప్పితే ఆ క్షణం ముప్ఫై మందికీ తెలిసేది. గునపం రెండు చేతులతో పట్టుకుని, అలాగే నిలబడ్డాడు.

"ఈవేళకు చాలు" అన్నాను మంగరాజుతో.

జనవరి 18.

కబురు ఉదయం ఏడు గంటలకు అందింది.

కల్వర్టు పునాది కొలతలు సగంలో ఉన్నాయి. సుక్రు రొప్పుతూ వచ్చి, "అమ్మగోరికి బాగా నేదు, బేగి రమ్మంది" అన్నాడు. మన్యంలో జ్వరం రానిదెవరికి అనుకున్నాను. క్వినైను ఇంట్లో ఉంది అనుకున్నాను. "పద, వస్తున్నాను" అన్నాను. మిగతా కొలతలు తీసి, పుస్తకంలో ఎక్కించి, మేస్త్రీ చేత వేలిముద్ర వేయించి, పదకొండు గంటలకు గుర్రం ఎక్కాను. ఒంటిగంటకు ఇల్లు చేరాను. ఆమె పన్నెండున్నరకు పోయింది.

ఏడింటికే ఎక్కితే తొమ్మిదికి ఇక్కడ ఉండేవాణ్ణి.

సుక్రు ఆరు నెలలుగా, నేను ఇక్కడ ఉన్న ప్రతి రోజూ పొద్దున్నే నా ఎదుట నిలబడి హాజరు పలుకుతున్నాడు. ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. ఇంట్లో చెప్పాడో లేదో తెలియదు. చెప్పే ఉంటాడు. ఆమె నిన్న అబద్ధాల సంగతి చెప్పింది గాని, గంట చెప్పలేదు.

జనవరి 19.

లెవెలు తీశాను. తూర్పు పక్క తొమ్మిది అంగుళాలు పల్లం. కాలువ తూర్పునే ఉండాలి. ఈ సంగతి పదకొండో తేదీనే నాకు తెలుసు.

గూటాలు పీకించి తూర్పున కొట్టించాను. ఆ గీత మా క్వార్టరు ముందునుంచి పోతుంది.

"బాబూ, తమ మడి" అన్నాడు మంగరాజు.

"చూశాను."

ముళ్లకంప నేనే తీశాను. ఎనిమిది కుచ్చులూ నేనే పీకాను. గడ్డ కట్టలేదు. కింద ఉల్లికాడంత లావు తెల్లని మొదళ్లు, ఒకదానినొకటి ఒత్తుకుని నలిగి ఉన్నాయి. వాటిలో విత్తనానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. దూలం మీది జడలో ఇక మిగిలింది రోడ్డుకు పడమట ఉన్నదే.

"ఆకు పారీకు బాబూ, ఏపుకోడానికి బాగుంటాది!" అని సోములమ్మ అవతలినుంచి కేకేసింది, మొన్న ఏమీ జరగనట్టు.

మల్లేశు చేత పంపాను.

ఫిబ్రవరి 20. ఆదివారం.

ఆమె మడిలో ఆకుల కొసలు పండుతున్నాయి. నీళ్లు ఆపేసింది. ఎప్పుడు ఆపాలో అచ్చియమ్మకు కూడా ఆమే చెప్పి ఉంటుంది. లేక ఇద్దరూ కలిసి చెడగొట్టుకుని నేర్చుకున్నారో. అడగాలని అరుగు దిగాను. మళ్లీ ఎక్కాను.

మార్చి 13. ఆదివారం.

నిన్న గడ్డలు తీశారు. ఈ పొద్దున్న సుక్రు వచ్చాడు. తలగుడ్డ కొత్తది.

"కొత్త ఎడతన్నాం బాబూ. రమ్మంది."

"ఎవరెవరు వస్తున్నారు?"

"ఎవరూ నేదు. ఇంటోళ్లమే."

స్నానం చేసి వెళ్లాను. లోపల నడిమి రాట దగ్గర అలికి, అడ్డాకులు వరసగా పరిచారు. ఒక్కో ఆకులో సామ అన్నం, అనపగింజలు, అప్పుడే కాల్చిన వెల్లుల్లి పాయలు. సోములమ్మ ఒక్కొక్క ఆకు ముందూ కూర్చుని, పోయినవాళ్లను పేరుపెట్టి పిలిచింది. బయట ఆడుకునేవాళ్లను తిండికి పిలిచినట్టే పిలిచింది. మొదటి ఆకు సుక్రు తండ్రిది. రెండోది తల్లిది. మూడోది వీళ్ల కూతురిది. నాలుగేళ్ల పిల్ల, మేము ఇక్కడికి రాకముందే పోయిందట. నాలుగోది అచ్చియమ్మది.

"అచ్చీ, రాయే. సల్లారిపోతాది."

మా పిండాల వరసలో ఆమెను మా అమ్మతో కలుపుతారు. మా అమ్మతో ఆమెకు ఏనాడూ పడలేదు. ఇక్కడ ఒక పక్క చిన్నపిల్ల, ఇంకో పక్క గోడ. హాయిగా ఉంటుంది.

నా ఈర్ష్య తగ్గిందని రాయాలనుంది. తగ్గలేదు. ఆ పిలుపు వింటుంటే ఎక్కువైంది.

ఆకుల్లోవి తరవాత ఇంటివాళ్లు పంచుకుతిన్నారు. నా చేయి సాగింది. సోములమ్మ ఆపింది.

"నువ్వొద్దు బాబూ. నీకు సయించదు. మల్లేశు సెప్పినాడు, ఆమద్దిన కాల్సుకుని ఉమ్మీసినావంట. నిప్పుల్లో పొట్టూ, ఉమ్మిన ముద్దా సూసినాడు. నువ్వు ఆకు కాడ కూకో, సాలు."

కూర్చున్నాను. ఎంతసేపో చూడలేదు.

లేచి వచ్చేటప్పుడు అడిగాను. "విత్తనానికి నాలుగు గడ్డలు ఇవ్వు. విడగొట్టే వేస్తాను."

ఆమె సుక్రు వైపు చూసింది. సుక్రు చూరు వైపు చూశాడు.

"ఇయ్యను బాబూ" అంది.

నేను గుమ్మంలోనే ఆగాను.

"కోపానికి కాదు. నెలకి ఇరవై దినాలు నువ్వు గుర్రం మీదుంటావు. నీరు మల్లేశు పోత్తాడు, బిందెలు బిందెలు. ఇయ్యే ఉన్నాయి ఇక. సత్తే మల్లీ ఎక్కణ్నుంచి తెత్తాం? ఈడుండనీ. సూడాలనుంటే నువ్వే రా."

"రోజూ రావచ్చునా?"

"దినామూ ఏటి బాబూ! మాకు పన్లుండవా? ఓవర్సీరొచ్చి ఎదురుగా కూకుంటే మావోడు సుట్టైనా కాల్సుకోలేడు." కాసేపు ఆలోచించింది. "ఆదోరం రా. మద్దినేల. కలుపు తీత్తా కూడా కబుర్లాడొచ్చు."

నా భార్య రోజూ కూర్చున్న చోట నాకు వారానికి ఒక మధ్యాహ్నం దొరికింది. తక్కువ. పుచ్చుకున్నాను.